రమ్ము ఐస్‌క్రీమ్ గడ్డకట్టడం లేదా? పెద్దవాళ్ల కోసం చేసేటప్పుడు కొలత, జాగ్రత్త

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ. అమలాపురం దగ్గర మీ ఊళ్లో మే నెలలో మీ అన్నయ్యగారి పాతికేళ్ల పెళ్లిరోజు చేస్తున్నారు. రాత్రి భోజనాలయ్యాక పెద్దవాళ్ల వరకు రమ్ము, కిస్‌మిస్ వేసిన ఐస్‌క్రీమ్ పెడదామని ముందుగా ఇంట్లో చేసి చూశారు. లీటరు పాల మిశ్రమంలో క్వార్టర్ సీసా మొత్తం పోశారు. రెండు రోజులు ఫ్రీజర్‌లో ఉంచినా పాయసంలాగే ఉంది. ఎంత పోయాలి, తాగే అలవాటు లేనివాళ్లు తినొచ్చా, ఇంటినిండా పిల్లలుంటే ఎలా అన్నవి మీ ప్రశ్నలు.

ముందు సూటిగా చెప్పేస్తానండి. లీటరు మిశ్రమానికి 60 మి.లీ. రమ్ము చాలు. ఎంత ఇష్టమున్నా 90 దాటొద్దు. మీరు పోసింది 180. అది మామూలు ఇంటి ఫ్రీజర్‌లో ఎన్ని రోజులు పెట్టినా గట్టిపడదు. ఫ్రీజర్ తప్పు కాదు, పాల తప్పు కాదు. తాగే అలవాటు లేని ఆరోగ్యవంతులు ఒక స్కూపు తింటే భయపడాల్సిందేమీ లేదు, కాకపోతే అందులో ఏముందో ముందే చెప్పి, వాళ్లు సరే అన్నాకే గిన్నె చేతికివ్వాలి. పిల్లలకు ఒక్క చెంచా కూడా వద్దు.

పాలకొల్లు, భీమవరం చుట్టుపక్కల ఫంక్షన్లకు ఐస్‌క్రీములు, చల్లటి స్వీట్లు చేసిచ్చే పని నాది. మద్యం కలిపిన ఐస్‌క్రీమ్ నేను అమ్మను, అది ఎందుకో కింద రాశాను. కావాలన్నవాళ్లకు మామూలు మిశ్రమం చేసిచ్చి, ఇంట్లో వాళ్లే ఎలా కలుపుకోవాలో దగ్గరుండి చూపిస్తాను. ఇక్కడ రాసేదంతా ఆ అనుభవంలోంచే.

ఎందుకు గట్టిపడలేదు

నీళ్లు సున్నా డిగ్రీల దగ్గర గడ్డకడతాయి. అసలు ఆల్కహాల్ గడ్డకట్టాలంటే మైనస్ 114 డిగ్రీలు కావాలి. మన ఇళ్లలో ఫ్రీజర్ బాగా పనిచేస్తే మైనస్ 18. అంటే అందులో ఆల్కహాల్ ఎప్పటికీ ద్రవంగానే ఉంటుంది, పక్కనున్న నీళ్లను కూడా సులువుగా గడ్డకట్టనివ్వదు. పంచదార చేసేదీ ఇదే పని. ఐస్‌క్రీమ్ రాయిలా కాకుండా చెంచా దిగేంత మెత్తగా ఉండటానికి సగం కారణం పంచదారే. అయితే బరువుకు బరువు చూస్తే ఆల్కహాల్ ప్రభావం పంచదార కంటే ఏడు రెట్లకు పైగా ఉంటుంది. అందుకే చేయి కాస్త జారితే చాలు, మొత్తం జావ అయిపోతుంది.

మీ లెక్కే చూద్దాం. మన దగ్గర దొరికే రమ్ము, విస్కీ, బ్రాందీ సీసాల మీద ఎక్కువగా 42.8 శాతం అని ఉంటుంది. 180 మి.లీ.లో అసలు ఆల్కహాల్ 77 మి.లీ. దాకా ఉందన్నమాట. లీటరు మిశ్రమంలో కలిస్తే ఆరున్నర శాతం. నా అనుభవంలో ఇంటి ఫ్రీజర్‌లో చక్కగా నిలబడేది రెండు, రెండున్నర శాతం. మూడున్నర దగ్గర మెత్తగా, గిన్నెలో వేసిన వెంటనే తినాల్సినట్టు ఉంటుంది. అయిదు దాటితే ఆశ వదిలేసుకోవాలి. 60 మి.లీ. పోస్తే రెండున్నరకు కాస్త లోపు, 90 పోస్తే మూడున్నర. నేను చెప్పిన కొలత ఇక్కడి నుంచి వచ్చిందే.

చేసిన దాన్ని పారబోయకండి. ఇన్నాళ్లూ ఫ్రీజర్‌లోనే ఉండి, బయట పెట్టి మరిచిపోలేదంటే దాన్ని నిలబెట్టొచ్చు. రమ్ము వేయని మిశ్రమం ఇంకో రెండు లీటర్లు కాచి, పూర్తిగా చల్లార్చి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, మర్నాడు ఈ లీటరును అందులో కలిపేయండి. మూడు లీటర్లకు 180 అంటే లీటరుకు 60. సరిగ్గా సరిపోతుంది. కొత్తగా కాచే రెండు లీటర్లలో పంచదార మాత్రం కాస్త తగ్గించండి.

మనకు కావాల్సింది వాసన, మత్తు కాదు

ఇది నేను అందరికీ చెప్పే మాట, ఎవరూ తేలిగ్గా ఒప్పుకోరు. మొన్నా మధ్య భీమవరం అవతల చెరువుల దగ్గర గెస్ట్ హౌస్‌లో పార్టీ పెట్టుకున్న కుర్రాళ్లు, “అక్కా, తిన్నట్టు తెలియాలి కదా, ఇంకో సీసా పొయ్యి” అని పట్టుబట్టారు. మత్తు కావాలంటే గ్లాసులో తాగండి, ఐస్‌క్రీమ్‌ను పాడు చేయొద్దు అని చెప్పి 60 దగ్గరే ఆపించాను. తిన్నాక వాళ్లే రెండోసారి అడిగి వేయించుకున్నారు. రమ్ములో మనకు పనికొచ్చేది చెరుకు మడ్డి నుంచి వచ్చే ఆ కాల్చిన బెల్లం వాసన, పీపాలో ఊరినప్పుడు పట్టిన చెక్క వాసన. అవి 60 మి.లీ.తోనే వచ్చేస్తాయి. అంతకుమించి పోస్తే గొంతులో మంట తప్ప వాసన పెరగదు.

ఒక జాగ్రత్త. చల్లదనంలో నాలుకకు తీపీ తక్కువ తెలుస్తుంది, రమ్ము ఘాటూ తక్కువ తెలుస్తుంది. అందుకని కలిపేటప్పుడు రుచి చూస్తే కాస్త ఎక్కువైందేమో అనిపించాలి. గడ్డకట్టాక అదే సరిపోతుంది. ఘాటు తెలియకపోవడం వల్ల ఇంకో చిక్కుంది. తినేవాళ్లు దీన్ని మామూలు ఐస్‌క్రీమ్ అనుకుని గబగబా లాగించేస్తారు. అందులోని వెన్న వల్ల ఆల్కహాల్ రక్తంలోకి నెమ్మదిగా చేరుతుంది, దాంతో ఏమీ కాలేదని ఇంకో గిన్నె తింటారు. పైన చెప్పిన కొలతలో లీటరుకు సుమారు పదహారు స్కూపులు వస్తాయి. ఒక్కో స్కూపులో రమ్ము 4 మి.లీ.కి లోపే. చిన్న పెగ్గు 30 మి.లీ. కాబట్టి ఎనిమిది స్కూపులు తింటేగానీ ఒక చిన్న పెగ్గు కాదు. మీరు మొదట చేసిన పాళ్లలో అయితే మూడు స్కూపులకే పెగ్గు దాటిపోయేది. అలవాటు లేని పెద్దావిడ ఎవరైనా రెండు గిన్నెలు తింటే ఏమయ్యేదో ఆలోచించండి.

నేను చెప్పే పద్ధతి

చిక్కటి గేదె పాలు లీటరు తీసుకుని, అడుగంటకుండా కలుపుతూ ముప్పాతిక లీటరు అయ్యేదాకా మరిగించండి. మన వైపు గేదె పాలలో వెన్న ఆరేడు శాతం ఉంటుంది కాబట్టి ఐస్‌క్రీమ్‌కు ఇంతకంటే మంచి సరుకు లేదు. 130 గ్రాముల పంచదార వేయండి. మామూలుగా 160 దాకా వేస్తాం, కానీ పంచదారా, రమ్మూ రెండూ ఒకే పని చేస్తాయి కాబట్టి ఒకటి పెంచినప్పుడు రెండోది తగ్గించాలి. మూడు పెద్ద చెంచాల పాలపొడి, ఒక చెంచా కార్న్‌ఫ్లోర్ కాసిని చల్లటి పాలలో ఉండలు లేకుండా కలిపి పోసి, ఇంకో రెండు మూడు నిమిషాలు మరగనివ్వండి. పాలపొడి నీటిని పట్టి ఉంచుతుంది, కార్న్‌ఫ్లోర్ మంచు పలుకులు పెద్దవి కాకుండా చూస్తుంది. రమ్ము వేసే ఐస్‌క్రీమ్‌లో ఈ రెండూ మానేయొద్దు. పాలపొడి మరీ ఎక్కువైతే నాలుకకు ఇసుక తగిలినట్టుంటుంది, అందుకే మూడు చెంచాలే.

దించి చల్లారాక 200 మి.లీ. ఫ్రెష్ క్రీమ్ కలిపి, మూతపెట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో, అంటే కింది అరలో ఉంచండి. దీన్ని చాలామంది ఎగ్గొడతారు. ఎగ్గొట్టొద్దండి, మర్నాటికి మిశ్రమం చిక్కబడి, గిలక్కొడితే గాలి బాగా పడుతుంది. రమ్ము వేయాల్సింది ఆ మర్నాడు, మిశ్రమం చల్లగా ఉన్నప్పుడే, సన్నటి ధారగా, కలుపుతూ. వేడి పాలలో పోస్తే వాసన ఆవిరైపోతుంది, పాలు విరిగే ప్రమాదం కూడా ఉంది.

ఐస్‌క్రీమ్ తిప్పే మర లేకపోతే వెడల్పాటి డబ్బాలో పోసి ఫ్రీజర్‌లో పెట్టండి. ముప్పావు గంటకొకసారి తీసి, అంచుల దగ్గర గట్టిపడ్డదాన్ని గీరి బీటరుతో తిప్పాలి. మూడు నాలుగు సార్లు చాలు. ఆ తర్వాత మూత కింద ఒక ప్లాస్టిక్ కాగితం అంటించి ఒక పూర్తి రోజు కదపకండి. రమ్ము వేయని ఐస్‌క్రీమ్ ఏడెనిమిది గంటల్లో గట్టిపడితే దీనికి అంతకు రెట్టింపు పైనే పడుతుంది. మీరు పెళ్లిరోజు పొద్దున చేసి రాత్రికి పెడదామనుకుంటే కుదరదు. కనీసం రెండు రోజుల ముందు మొదలుపెట్టండి.

మరగబెట్టే ఓపిక లేదంటే కండెన్స్‌డ్ మిల్కు, గిలక్కొట్టిన క్రీముతో కూడా చేయొచ్చు. అయితే మామూలు ఫ్రెష్ క్రీమ్ 25 శాతం వెన్నే, అది పొంగదు. విప్పింగ్ క్రీమ్ అని అడిగి కొనాలి. బేకరీ సరుకులమ్మే చోట ఇచ్చేది చాలాసార్లు నాన్ డైరీ, అంటే నూనెతో చేసింది, పైగా అందులో తీపి ముందే ఉంటుంది. దాంతో చేస్తే గట్టిగా నిలబడుతుంది, ఒప్పుకుంటాను, కానీ తిన్నాక అంగిట్లో పూతలా పట్టుకుంటుంది, రమ్ము వాసన పైకి రానివ్వదు. నేను వాడను.

కిస్‌మిస్ సరే, ఒకసారి తాండ్రతో చేయండి

కిస్‌మిస్ అయితే 100 గ్రాములు కడిగి, తుడిచి, ఆ 60 మి.లీ. రమ్ములోనే రాత్రంతా నానబెట్టండి. ఉబ్బిన కిస్‌మిస్‌ను వడగట్టి పక్కన పెట్టి, మిగిలిన రమ్మును మిశ్రమంలో పోయండి. నానబెట్టడానికి ఒక 60, కలపడానికి ఇంకో 60 వేస్తే లెక్క తప్పుతుంది. రమ్ము తాగిన కిస్‌మిస్ ఫ్రీజర్‌లో గట్టిపడదు, పంటి కింద మెత్తగా చితుకుతుంది. ఉట్టి కిస్‌మిస్ వేస్తే గులకరాయిలా తగులుతుంది. కిస్‌మిస్‌నూ, జీడిపప్పునూ ఐస్‌క్రీమ్ సగం గట్టిపడ్డాక, చివరిసారి తిప్పేటప్పుడే వేయాలి, లేకపోతే అన్నీ అడుగుకు చేరతాయి. జీడిపప్పు మీ కోనసీమలోనే మోరి నుంచి తెప్పించండి. నేతిలో కాదు, పొడిగా వేయించండి.

నాకు మాత్రం కిస్‌మిస్ కంటే మామిడి తాండ్ర ఇష్టం. ఆత్రేయపురం తాండ్ర, మరీ లేతది కాకుండా నల్లబడ్డ పాతది తీసుకుని, గోరంత ముక్కలుగా కత్తిరించి రమ్ములో నాలుగైదు గంటలు నానబెట్టండి. రాత్రంతా వద్దు, కరిగి గుజ్జయిపోతుంది. సరిగ్గా నానిన ముక్క అంచులు మెత్తబడి, వేలికి జిగురుగా అంటుకుని, మధ్యలో మాత్రం ఇంకా పొర పొరగా విడిపోతుంటుంది. అప్పుడు తీసేయాలి. తెల్లటి పాల ఐస్‌క్రీమ్‌లో ఆ ముదురు ముక్క తగిలినప్పుడు ముందు పులుపు, తర్వాత తీపి, ఆ వెనక రమ్ము వాసన వస్తాయి. తిన్నవాళ్లు ఏం వేశారని అడగకుండా ఉండరు.

మీది కొబ్బరి సీమ కాబట్టి ఇంకో మాట. కొబ్బరిపాలతో చేసే ఐస్‌క్రీమ్ ఇంటి ఫ్రీజర్‌లో బండరాయి అయిపోతుందని చాలామంది మానేస్తారు. అక్కడ రమ్ము నిజంగా మేలు చేస్తుంది. మొదటి పాలు, చిక్కటివి, లీటరుకు 60 మి.లీ. రమ్ము, తాటి బెల్లం పాకం. మర్నాడు చెంచా చక్కగా దిగుతుంది. బెల్లం పాకం వడగట్టి, చల్లార్చాకే కలపాలి. ఆవు పాలు, గేదె పాలలో అయితే మరీ జాగ్రత్త, వేడి మీద బెల్లం వేస్తే విరుగుతాయని పాయసం వండే ప్రతి ఇంట్లోనూ తెలిసిందే.

విస్కీ కాఫీ ఐస్‌క్రీమ్‌కూ, చాక్లెట్‌కూ బాగుంటుంది. బ్రాందీ ఖర్జూరంతో బాగుంటుంది. వైను, బీరు మాత్రం ఐస్‌క్రీమ్‌కు పనికిరావు. వాటిలో ఆల్కహాల్ తక్కువ, నీళ్లు ఎక్కువ. వాసన రావాలంటే చాలా పోయాలి, చాలా పోస్తే మంచు పలుకులు పడతాయి.

కల్లుతో చేయొచ్చా అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. పాలలో వేయొద్దు, పులుపుకు విరిగిపోతాయి. తెల్లవారుజామున దించిన తాజా తాటికల్లు, లేత కొబ్బరి నీళ్లు, కాస్త పంచదార కలిపి పాలు లేని గోలాలాగా చేస్తే బాగుంటుంది. కల్లులో ఆల్కహాల్ కొద్దిగానే ఉంటుంది కాబట్టి సులువుగా గడ్డకడుతుంది. కానీ తెలిసిన గీత కార్మికుడు మీ కళ్ల ముందు చెట్టు దిగి ఇచ్చిందైతేనే. నాటుసారా జోలికి ఏ రూపంలోనూ వెళ్లొద్దు. అందులో మిథనాల్ ఉందో లేదో వాసనను బట్టి, రుచిని బట్టి ఎవరూ చెప్పలేరు. మిథనాల్ కళ్లు తీస్తుంది, ప్రాణం తీస్తుంది.

ఎవరికి పెట్టకూడదు

గర్భంతో ఉన్నవాళ్లకు, పాలిచ్చే తల్లులకు వద్దు. షుగరు మాత్రలు వాడేవాళ్లు, ముఖ్యంగా గ్లిమిపిరైడ్ లాంటివి లేదా ఇన్సులిన్ వాడేవాళ్లు, డాక్టరును అడగకుండా తినకూడదు. ఆల్కహాల్ వల్ల కొన్ని గంటల తర్వాత షుగరు పడిపోవచ్చు. మన వైపు అరవై దాటిన బంధువుల్లో షుగరు లేనివాళ్లను వెతుక్కోవాలి కాబట్టి ఇది చిన్న విషయం కాదు. విరేచనాలకో, పంటి చీముకో మెట్రోనిడజోల్ వాడుతున్నవాళ్లు ఆ మందు ఆపిన రెండు మూడు రోజుల దాకా ఆగాలి.

అన్నిటికంటే ముఖ్యం, తాగుడు మానేసినవాళ్లు. ప్రతి కుటుంబంలోనూ ఒక బాబాయో, బావగారో కష్టపడి మానేసి ఉంటారు. తాగుడు మాన్పించే డైసల్ఫిరామ్ మాత్ర వేసుకుంటుంటే కొద్దిపాటి ఆల్కహాల్‌కే గుండె దడ, వాంతులు, బీపీ పడిపోవడం వస్తాయి. మాత్ర ఆపిన రెండు వారాల వరకూ ఆ ప్రమాదం ఉంటుంది. మాత్ర వేసుకోకపోయినా ఆ వాసన, ఆ రుచి వాళ్లను మళ్లీ లాగుతాయి. వాళ్లకు తెలియకుండా పెట్టి, తిన్నాక నవ్వుతూ చెప్పడం కొన్ని ఇళ్లలో చూశాను. నాకు చాలా కోపం వచ్చే విషయం ఇది. చెప్పకుండా పెట్టడమంటే మోసం చేయడమే, అది ఎవరికైనా సరే. మతం వల్ల, మొక్కు వల్ల, అయ్యప్ప మాల వల్ల, ఉట్టి ఇష్టం లేక ముట్టనివాళ్లు ఉంటారు. గుడ్డు వేసి కస్టర్డ్‌తో చేస్తే అది కూడా చెప్పాలి.

“మరిగిస్తే ఆల్కహాల్ పోతుంది కదా, అప్పుడు అందరికీ పెట్టొచ్చు” అని మీ వదినగారు అన్నారని రాశారు. పోదండి. అమెరికా వ్యవసాయ శాఖ పట్టిక ప్రకారం పావుగంట ఉడికించినా 40 శాతం మిగులుతుంది. మంట అంటించి చూపించే పద్ధతిలో 75 శాతం మిగిలే ఉంటుంది. పిల్లలకూ, పైన చెప్పినవాళ్లకూ రమ్ము తగలని ఐస్‌క్రీమ్ వేరేగా చేయడం ఒక్కటే దారి.

పిల్లలున్న ఇల్లు

పిల్లల ఐస్‌క్రీమ్ రంగు వేరుగా ఉండాలి, ఇది నా మొదటి షరతు. రెండూ తెల్లగా ఉండి మూత మీద పేరు రాస్తే చాలదు. చీకట్లో ఫ్రీజర్ తెరిచే ఎనిమిదేళ్ల పిల్లాడు మూత చదవడు. పాలకొల్లులో ఒక ఇంట్లో పెద్దవాళ్లకు కాఫీ రంగుది, పిల్లలకు బంగినపల్లి మామిడిది చేయించాను. కాఫీ పిల్లలకు ఎలాగూ నచ్చదు. మేలో పండ్లకు కొదవ లేదు, మీరూ అలాగే చేయండి. పెద్దవాళ్ల డబ్బా వేరే ఫ్రీజర్‌లో, వీలైతే పక్కింట్లో పెట్టించండి. స్కూపు గరిటె కూడా వేరు. వడ్డించడానికి ఒక్క మనిషినే పెట్టి, ఎవరికి వేశారో ఆ మనిషికి గుర్తుండేలా చూడండి. పిల్లల ఒంట్లో కొద్దిపాటి ఆల్కహాల్‌కే షుగరు ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఎవరైనా పిల్లలు పొరపాటున తింటే, మత్తుగా, చల్లగా అనిపిస్తే, తెల్లారేదాకా చూద్దామనుకోకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇరవై ఒక్కటి నిండని కుర్రాళ్లు కూడా పిల్లల జాబితాలోనే. మన రాష్ట్రంలో మద్యానికి వయసు 21.

చట్టం సంగతి

ఇంట్లో, సక్రమంగా కొన్న సీసాతో, మీ వాళ్లకు మీరు చేసి పెట్టుకోవడం వేరు, అమ్మడం వేరు. 2024 సెప్టెంబరులో హైదరాబాద్ జూబ్లీహిల్స్‌లో విస్కీ కలిపిన ఐస్‌క్రీమ్ అమ్ముతున్న దుకాణం మీద ఎక్సైజ్ వాళ్లు దాడి చేసి అరెస్టులు చేశారు. కేజీకి 60 మి.లీ. కలుపుతున్నట్టు అప్పట్లో పేపర్లలో వచ్చింది. అంటే కొలత మన కొలతే, తప్పు లైసెన్సు లేకుండా అమ్మడంలో ఉంది. అందుకే నేను మిశ్రమం వరకే ఇస్తాను. మీకు ఎవరైనా క్యాటరింగ్ వాళ్లు “మేమే కలిపి తెస్తాం” అంటే వద్దనండి.

పుదుచ్చేరి కిందికి వచ్చే యానాం మీకు దగ్గరే కాబట్టి చెబుతున్నాను. అక్కడ చౌక అని సీసా తెస్తే అది ఆంధ్రాలో పన్ను కట్టని మద్యం కిందికి వస్తుంది. చెక్‌పోస్టు దగ్గర పట్టుబడితే 60 మి.లీ. ఐస్‌క్రీమ్ కోసం అంటే ఎవరూ వినరు.

బండి నడిపేవాళ్లు తినకపోవడమే మంచిది. చట్ట ప్రకారం 100 మి.లీ. రక్తంలో 30 మి.గ్రా. దాటితే మొదటిసారికే పదివేల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఒక స్కూపుతో అంత దూరం పోదు. కానీ తిన్న వెంటనే గొట్టంలో ఊదితే నోట్లో ఉన్న వాసనకే మిషన్ కూయొచ్చు. అప్పటికే రెండు పెగ్గులు వేసుకుని, ఆపైన ఇదీ తిని, రాత్రి పదకొండింటికి కాలవగట్టు మీద బైకు తోలుకుపోయే మావయ్యల గురించే నా భయమంతా. వాళ్లను ఆ రాత్రి ఇంట్లోనే పడుకోబెట్టండి.

మే నెల వేడి

రమ్ము ఐస్‌క్రీమ్ మామూలు దానికంటే ముందే కరుగుతుంది. డాబా మీద భోజనాలంటే ఉక్కపోతకు అయిదు నిమిషాలు కూడా ఆగదు. గిన్నెలు ముందుగానే ఫ్రీజర్‌లో పెట్టి చల్లబరచండి. ఒక్కసారిగా పెద్ద డబ్బా పైకి తీసుకెళ్లకుండా అరలీటరు డబ్బాల్లో సర్దుకుని ఒక్కోటీ తెప్పించుకోండి. కరెంటు పోతే ఫ్రీజర్ తలుపు తెరవొద్దు. ముందు జాగ్రత్తగా థర్మోకోల్ పెట్టె ఒకటి సిద్ధం చేసుకుంటే టెన్షన్ ఉండదు. అందులో మూడు వంతులు పగలగొట్టిన ఐసు, ఒక వంతు రాళ్ల ఉప్పు వేయాలి. ఉప్పు కలిసిన ఐసు ఇంటి ఫ్రీజర్‌తో సమానంగా చల్లబడుతుంది. రొయ్యల ప్యాకింగ్‌కు ఇచ్చే ఐసు ఫ్యాక్టరీ దిమ్మ చౌకగా వస్తుంది, వాడుకోవచ్చు. అది తినే ఐసు కాదు, డబ్బా చుట్టూ బయటే ఉండాలి, మూత గట్టిగా బిగించాలి.

మిగిలితే వారం లోపు తినేయండి. ఒకసారి పూర్తిగా కరిగిపోయినదాన్ని మళ్లీ గడ్డకట్టించొద్దు. రమ్ము ఉంది కదా పాడవదు అనుకుంటారు కొందరు. ఆ రెండు శాతం ఆల్కహాల్ పాలను కాపాడలేదు.

మీ దగ్గర మర ఉందో లేదో, మొత్తం ఎంతమంది పెద్దవాళ్లో రాయండి. మనిషికి ఒక స్కూపు చొప్పున పాలు, రమ్ము, తాండ్ర ఎంతెంత తెచ్చుకోవాలో లెక్కగట్టి ఇక్కడే చెబుతాను.